పదకొండడుగుల ఆరంగుళాలు

బస్సు ఇంజను వణుకుతోంది గాని బస్సు కదలడం లేదు. గాట్విక్ విమానాశ్రయం బయట, రైల్వే స్టేషను మెట్లకు అడ్డంగా కట్టిన పసుపు పట్టీకి ఎదురుగా, డ్రైవరు వెనక ముసలివాళ్లకని వదిలిన సీట్లో క్లైవ్ హాడ్లో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒంటిగంటా నలభై. మూడున్నర దాకా నీళ్లుంటాయి. మధ్యలో మిగిలింది గంటా యాభై నిమిషాలు, అందులో ఈస్ట్ క్రాయిడన్ దాకా ఈ బస్సు, అక్కణ్ణుంచి టాక్సీ, దొరికితే, దొరుకుతుందా, క్రిస్మస్ మర్నాడు టాక్సీ తోలేవాడు ఎవడుంటాడు, ఉంటాడు, ఇంట్లో ఉండలేనివాడు ఎప్పుడూ ఎవడో ఒకడు ఉంటాడు. నెత్తిమీద, పై అంతస్తులో, పిల్లలు ఆ చివరినుంచి ఈ చివరికి పరుగెడుతున్నారు. ఆ చప్పుడు బస్సు కప్పులోంచి తిన్నగా అతని పుర్రెలోకి దిగుతోంది.

"రెండు యాభైకి పోటు నిండుతుంది నాన్నా," అంది లోర్నా నాలుగు రోజుల కిందట ఫోన్లో, వాతావరణం చెబుతున్నట్టు. "నీళ్లు సముద్రం వైపు తిరిగాక, మూడుంబావుకి అమ్మని వదుల్తాం. మూడున్నర దాటితే మెట్ల కింద బురద తేలిపోతుంది. ఆ తర్వాత చీకటి. ఈసారి ఆగం." ఈసారి అన్న మాటని కూతురు నొక్కి పలకలేదు. నొక్కి ఉంటే తనకీ కోపం వచ్చేది, ఆ కోపాన్ని చలికోటులా కప్పుకుని ఈ ప్రయాణమంతా వెచ్చగా కూర్చునేవాడు. బెరిల్ బూడిదని థేమ్స్ నదిలో కలపాలి, రోథర్‌హైత్ మెట్ల దగ్గర, వాళ్ల నాన్న సరుకు పడవలు తోలిన చోట. ఆటు మొదలయ్యాకే వదలాలని బెరిల్ కాగితం మీద రాసి పెట్టిందట. "లేకపోతే వెనక్కి కొట్టుకుపోయి పార్లమెంటు ముందు తేలతాను, ఆ మనుషులతో నాకు పడదు." చదివి వినిపిస్తూ లోర్నా నవ్వింది. తనూ నవ్వాడు. పోర్చుగల్‌లో, గచ్చు మీద ఎండ పరుచుకున్న వంటింట్లో నిలబడి, తొమ్మిదేళ్లుగా విడిగా బతికిన భార్య వేసిన ఆఖరి జోకుకి నవ్వాడు. నవ్వాక ఫోను ఎలా పెట్టెయ్యాలో తెలియలేదు.

విడాకులు ఇద్దరూ అడగలేదు. మోకాళ్లకి ఎండ కావాలని అతనన్నాడు, నాకు నది కావాలని ఆమె అంది, అంతే. అక్టోబరులో ఆమె పోయినప్పుడు అతను ఆస్పత్రిలో ఉన్నాడు, కడుపు కోసి కుట్లు వేశారు, దహనానికి రాలేకపోయాడు. ఆ కారణం నిజమైనదే. కానీ ఇన్నేళ్ల అలవాటువల్ల నిజమైన కారణం కూడా అతని నోట అబద్ధంలాగే వినిపించింది. "సర్లే నాన్నా," అంది లోర్నా. బెరిల్ సరిగ్గా అలాగే అనేది, "సర్లే క్లైవ్" అని, మాట చివర తలుపు మెల్లిగా మూసినట్టు.

ఇరవై మూడో తేదీకే రమ్మంది కూతురు. క్రిస్మస్ నాడు దేశంలో ఒక్క రైలు తిరగదు, మర్నాడు ఏది తిరుగుతుందో ఏది తిరగదో చూసుకో, ఫోన్లోనే ఉంటుంది, అంది. "నాకు చెప్తున్నావా?" అన్నాడు. నాలుగు లైన్లుంటాయి, రెండు మూస్తారు, రెండు నడుపుతారు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి పోయే లైను, దాన్ని మొత్తం ఎవడు మూస్తాడు? ముప్పై ఏళ్లు ఆ లైను మీద మేస్త్రీగా ఉన్నవాడికి తెలియదా. చూసుకోలేదు. పన్నెండుంబావుకి విమానం దిగాడు, ఒంటిగంటకి స్టేషను మెట్ల ముందు నిలబడ్డాడు, పసుపు పట్టీ చూశాడు. నాలుగూ మూశారు. అప్పుడు ఒంట్లో కలిగిందేమిటి? చిరాకు కాదు. కంగారు తర్వాత వచ్చింది. అంతకంటే ముందు, రెప్పపాటు సేపు, గుండెల్లో ఏదో ముడి వదులైంది. ఆ వదులైనదేమిటో చూడబోయేలోగా, రైలుకి బదులు వేసిన బస్సు కోసం నిలబడ్డ వరస కదిలింది, అతనూ కదిలాడు.

"ఈ పక్క ఎవరూ లేరుగా నాయనా?" పెద్దావిడ ఒకావిడ, నల్లటి మొహం, ఊదారంగు టోపీ, చేతిలో రేకు డబ్బా, జవాబు కోసం ఆగకుండా కూర్చుంది. "మూడింటికి డ్యూటీ నాకు, క్రాయిడన్‌లో వృద్ధుల ఇల్లు. పద్నాలుగు మంది ముసలాళ్లు నాకోసం గడియారం వంక చూస్తుంటారు. చూస్తారు, పాపం, కానీ టైమెంతో తెలీదు వాళ్లకి." పేరు వెర్నా అని చెప్పింది. డబ్బా మూత తీసింది, రమ్ములో నానిన నల్ల కేకు వాసన గుప్పుమంది. "తీసుకో. మొహం చూస్తే నిన్న పండగ తిండి తిన్నట్టు లేదు."

"నిన్న ఆమ్లెట్ వేసుకున్నా."

"క్రిస్మస్ నాడు ఆమ్లెట్టా! ఏ నేరం చేశావేంటి?" ఆమె నవ్వింది. "ఏం పని చేసేవాడివి?"

"రైల్వేలో. ట్రాక్ మేస్త్రీని."

"అయితే ఇదంతా నీ చలవేనన్నమాట! ఏటా పండగ రాగానే లైను తవ్వేది మీరేగా? ఇన్నాళ్లకి దొరికావు!" వెనక సీట్ల వైపు తిరిగి గొంతు పెంచింది. "ఇదిగో, ఇక్కడున్నాడు చూడండి, మన రైలు ఎత్తుకుపోయినాయన!" ఇద్దరు ముగ్గురు నవ్వారు. క్లైవ్ కూడా పెదాలు కదిపాడు. కేకు నోట్లో పెట్టుకున్నాడు. బస్సు కదిలింది.

ఏటా పండగ రాగానే. జనం ఇళ్లల్లో ఉండే రోజులు కాబట్టి లైను ఖాళీ, లైను ఖాళీ కాబట్టి తవ్వకం, కాబట్టి లైను మనుషులకి పండగ లేదు. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది, బెరిల్‌కీ అర్థమయ్యేది, చిన్నప్పుడు లోర్నాకీ అర్థం చేయించారు. క్రిస్మస్ భోజనానికి అందరూ పెట్టుకునే కాగితపు కిరీటాలు పెట్టుకుని తల్లీ కూతురూ రెండింటిదాకా, మూడింటిదాకా బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. అతను వచ్చేసరికి చీకటి పడేది. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు సన్నగా మరుగుతుండేవి, గిన్నె మీద అతని ప్లేటు, ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించి ఉండేది. మూత తీస్తే ఆవిరికి మెత్తబడ్డ బంగాళదుంపలు, అంచులు ఎండిన టర్కీ ముక్కలు, పైన తోలు కట్టిన గ్రేవీ. బెరిల్ ఎదురుగా కూర్చుని అతను తినడం చూసేది. కిరీటం అప్పటికీ తీసేది కాదు. ఆ కిరీటం అంచున ఆమె నుదురు మీద పడిన రంగు మరక, ఆకుపచ్చది, ఎందుకు గుర్తుంది, ఆమె కళ్ల రంగు అడిగితే ఒక్క క్షణం తడుముకోవాలి, ఆ మరక మాత్రం ఇదిగో, ఈ బస్సు అద్దం మీద ఉన్నట్టుంది.

ఆ పని దగ్గర ఎంత తేలిగ్గా ఉండేది. పొద్దున ఎనిమిదైనా వెలుగు రాని చలి, పెద్ద దీపాలు, పన్నెండు మంది మనుషులు. పట్టా లేచాక కింద గొయ్యి, గొయ్యిలో కంకర పొయ్యాలి, దిమ్మెలు పరవాలి, మట్టం చూడాలి. ఏం కావాలో గొయ్యే చెప్పేది. ఇంట్లో ఎవరూ చెప్పరు. ఇంట్లో వెచ్చటి గదిలో అందరూ తన మొహంలోకి చూసి దేనికోసమో ఎదురుచూస్తారు, సంతోషం కోసమే కావచ్చు, అది ఏ పనిముట్టుతో తీసి చూపించాలో అతనికి తెలియదు. కొత్తవాళ్లకి మొదటి రోజు అతనే నేర్పేవాడు: "ఒక చెయ్యి ఊపితే నెమ్మదిగా రమ్మని. రెండు చేతులూ పైకెత్తారా, ఇక వచ్చేది ఏ బండైనా సరే, ఆగి తీరాల్సిందే. ఎవరూ ఎందుకని అడగరు." ఎందుకని అడగరు. ఎంత హాయి.

"ఏవండీ, అందరూ ఓసారి వినండి." మైకులో డ్రైవరు గొంతు, ఉత్తర ఇంగ్లండు యాస. "నేను గ్రిమ్స్‌బీ నుంచి వచ్చానండి, పండగ డ్యూటీకి మనుషులు చాల్లేదని పంపారు. ముందు మెయిన్ రోడ్డంతా జామ్ అయింది, షాపుల డిస్కౌంట్లకి లోకమంతా బయల్దేరింది. నా ఫోన్ చూస్తే గంట లేటంటోంది. పక్కదారి ఎవరికైనా తెలుసా? సిగ్గేస్తోంది అడగటానికి, కానీ అడుగుతున్నా."

"తెలుసు గానీ, చెప్తే మమ్మల్ని దింపేసి ఒక్కడివే పోతావు!" అని ఎవరో వెనకనుంచి అరిచారు. నవ్వులు. "నన్నడక్కు నాయనా, నేను చర్చికే దారి తప్పుతా," అంది వెర్నా, అని క్లైవ్‌ని మోచేత్తో పొడిచింది. "ఈ రైలాయన్ని అడుగు, ఈయనకి తెలీని గులకరాయి ఉండదు ఈ దారిలో."

క్లైవ్ లేచి నిలబడ్డాడు. అతనికి తెలుసు. టైము రెండూ పది. ఎడమ పక్కన చెట్ల వెనక రైలు కట్ట కనిపిస్తూనే ఉంది, తన లైను, మైలురాళ్లు వరసన అప్పజెప్పగలడు. డ్రైవరు పక్కన స్తంభం పట్టుకుని నిలబడి, ఎడమకి తిప్పమన్నాడు, మళ్లీ ఎడమ, ఇప్పుడు కట్ట పక్కనే పో, దాన్ని వదలకు. డ్రైవరు, నున్నటి బట్టతల మనిషి, హాయిగా ఊపిరి వదిలాడు. "బతికించావు గురూ. రైల్వే మనిషివి, పట్టా మీద పెట్టినట్టే తీసుకెళ్తున్నావు." సన్నటి రోడ్డు, రెండు పక్కలా కంచెలు, బస్సు పై కొమ్మలు రాసుకుంటున్నాయి, పైన పిల్లలు కొమ్మ తగిలినప్పుడల్లా కేకలు పెడుతున్నారు. అందుతాను, అనుకున్నాడు. మూడింటికి అందుతాను, మెట్ల మీద నిలబడతాను, లోర్నా తన వంక చూస్తుంది, అప్పుడు ఏం చెయ్యాలి? బూడిద డబ్బా ఎవరు పట్టుకుంటారు? తనని కూడా పట్టుకోమంటారా? బూడిద ఎంత బరువుంటుంది? వదిలేముందు ఏదైనా మాట్లాడమంటే?

కోటు జేబులో వేళ్లు తిరుగుతున్నాయి. కుట్టిన జేబు. ఈ కోటు కాదు, అప్పటి నీలం డ్యూటీ కోటు, లోర్నాకి ఎనిమిదేళ్లప్పుడు. ఆ ఏడాది డిసెంబరు మొదట్లోనే ఆఫీసరు చెప్పాడు, "ఈసారి నీ పేరు లేదు క్లైవ్, నాలుగేళ్లుగా చేశావు, పో, ఇంట్లో కూర్చో." ఆ రోజు సాయంత్రం అతను మళ్లీ ఆఫీసుకి వెళ్లాడు. పనికి తామంతట తాము వచ్చేవాళ్ల జాబితా గోడకి వేలాడుతోంది. ఖాళీగా ఉంది. పైన మొదటి పేరు తనది రాశాడు. ఇంటికెళ్లి, "మళ్లీ నాకే వేశారు," అన్నాడు. "సర్లే క్లైవ్." ఆ జాబితా నకలు జేబులో మడిచి పెట్టుకుని మరిచిపోయాడు. జేబుకి చిరుగుంది, కొన్నాళ్లకి ఆ చిరుగుని బెరిల్ కుట్టింది. కుట్టిన జేబులో చెయ్యి పెడితే కాగితం ఉంది. తను మడిచినట్టు లేదు. ఇంకో రెండు మడతలు ఎక్కువ, గోరంత చిన్నగా, అంచులు గోటితో నొక్కి. ఆ సంవత్సరమూ ప్లేటు మీద ప్లేటు బోర్లించే ఉంది. ఆ తర్వాత సంవత్సరమూ. అన్ని సంవత్సరాలూ జాబితాలో మొదటి పేరు అతనిదే, అన్ని సంవత్సరాలూ ఆమె ఎదురుగా కూర్చుని, అన్నీ తెలిసి, అతను మెత్తబడ్డ బంగాళదుంపలు తినడం చూసింది. ఒక్కసారి అడిగి ఉంటే. అడిగి ఉంటే ఏం చెప్పేవాడు?

"ఓరి దేవుడా!" బ్రేకు పడింది. సంచీలు జారాయి, వెర్నా డబ్బా కింద పడి మూత దొర్లింది, పైన పిల్లల అరుపు, ఏడుపు కాదు, ఉలికిపాటు. క్లైవ్ స్తంభాన్ని రెండు చేతులా కరుచుకున్నాడు. అద్దానికి అటుపక్క, గజం దూరంలో, ఎర్ర ఇటుకల వంతెన, దాని మీద రైలు కట్ట. వంతెన నుదుటి మీద గుండ్రటి బోర్డు, నలుపూ పసుపూ గీతలు, మధ్యలో అంకెలు. పదకొండడుగుల ఆరంగుళాలు.

"గురూ," అన్నాడు డ్రైవరు. "ఇది రెండంతస్తుల బస్సు. పద్నాలుగడుగుల పైన. పైన పాతిక మంది ఉన్నారు."

"ఆ," అన్నాడు క్లైవ్.

"నీకీ వంతెన తెలియదా?"

తెలియదా. ఏటా రెండుసార్లు నిచ్చెనేసి కొలిచినవాడికి. వర్షానికి అంకెలు మాసిపోతే ఆ బోర్డు తీయించి కొత్తది కొట్టించినవాడికి. ఆ నాలుగు మేకుల్లో ఒకటి తన చేత్తోనే కొట్టాడు, మేస్త్రీ కొట్టాల్సిన పని లేదు, సరదాకి కొట్టాడు. విమానాశ్రయంలో ఎక్కినప్పటి నుంచి నెత్తిమీద పిల్లలు పరుగెడుతూనే ఉన్నారు, ఆ చప్పుడు విన్నాడు, ఒక్కొక్క అడుగూ విన్నాడు. పైన అంతస్తు ఉందని తెలియనిదెవరికి? గుండెల్లో ఆ ముడి మళ్లీ వదులైంది, ఈసారి తప్పించుకునే లోపలే దాన్ని చూశాడు. అది ఉపశమనం. స్టేషను మెట్ల ముందు పసుపు పట్టీ చూసినప్పుడు కలిగిందీ ఇదే. లైను మూసుకుంది, ఇక తన చేతుల్లో లేదు, వెళ్లాలనుకున్నాడు గాని వెళ్లలేకపోయాడు. ఎవరూ మూయనప్పుడు తనే మూసుకున్నాడు. ఆస్పత్రి ఒక్కటే నిజం. లేక అదీ అంతేనా, ఆ ఆపరేషనుని మూడు నెలలు వాయిదా వేసి వేసి, ఆమె ఆఖరి రోజులని తెలిసిన వారంలోనే ఎందుకు చేయించుకున్నాడు?

రెండూ నలభై. వెనక అప్పటికే పది పన్నెండు కార్లు చేరాయి, పక్కదారి ఇదేనని బస్సు వెంటే వచ్చినవాళ్లు. ఒక్కొక్కటీ వెనక్కి పోవాలి. వెర్నా కిందికి వంగి కేకు ముక్కలు ఏరుతోంది. తలెత్తకుండానే అంది, "మనుషులకి మతిమరుపు వస్తుందిలే నాయనా. మా పద్నాలుగు మందినీ చూస్తున్నాగా. నీది మాత్రం మతిమరుపులా లేదు." అని ఒక ముక్కకి దుమ్ము ఊది డబ్బాలో వేసింది. క్లైవ్ బస్సు దిగాడు.

కార్లన్నీ వెనక్కి పోయేసరికి మూడుంబావు అయింది. ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్ నాన్నా?"

"వంతెన దగ్గర. లైను కింద."

"మళ్లీ పనులా?" లోర్నా గొంతులో ఆశ్చర్యం లేదు. వెనక గాలి, ఎవరో చిన్నగా దగ్గడం, నీళ్లు రాతికి కొట్టుకోవడం.

"పనులు కాదు. ఎవరూ ఆపలేదు. బస్సుని నేనే ఇటు తెచ్చాను లోర్నా. దీని ఎత్తెంతో నాకు తెలుసు. బోర్డు నేనే కొట్టాను."

అతను ఇంకా చెప్పాలనుకున్నాడు, జాబితా, కాగితం, మడతలు, చెప్పబోయాడు.

"ఇప్పుడెందుకు చెప్తున్నావ్ నాన్నా?"

"తెలీదు."

"నీళ్లు రెండో మెట్టు వదిలాయి. మేం ఆగట్లేదు."

"వద్దు. ఆగొద్దు."

"ఫోన్ పెట్టెయ్యనా, ఉంచనా?"

"ఉంచు."

"ప్లేటు మాత్రం మూతేసి పెట్టను," అంది లోర్నా. "వస్తే, నువ్వే వేడి చేసుకో."

డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. "గురూ, అద్దాల్లో ఏం కనపడట్లేదు నాకు, ఆ కంచెలొకటి. నువ్వు వెనక నిలబడి చెప్తావా? ఇదైనా సరిగ్గా చెప్తావా?" క్లైవ్ ఫోను చొక్కా జేబులో నిలబెట్టుకున్నాడు, స్పీకరు పైకి వచ్చేలా. నడిచి వెళ్లి ఇరవై గజాల వెనక రోడ్డు మధ్య నిలబడ్డాడు. వెలుగు తగ్గుతోంది. ఎడమ చెయ్యి చాచి ఊపాడు, నెమ్మదిగా, రా, ఇంకా రా. బస్సు కూతపెడుతూ వెనక్కి వస్తోంది, ఎత్తుగా, ఇంత ఎత్తు బస్సు, పై అంతస్తు కిటికీలో దీపాలు. జేబులో గాలి. లోర్నా ఎవరితోనో ఏదో అంది, మాటలు అందలేదు. మూత తిప్పుతున్న చప్పుడు. రేకుది. కిర్రుమని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

అతని రెండు చేతులూ పైకి లేచాయి.

బస్సు ఆగింది. కూత ఆగింది. ఆ నిశ్శబ్దంలో జేబులోంచి సన్నగా, పిండి జల్లినట్టు, ఇసుక జారినట్టు, తర్వాత నీళ్లు, నీళ్లు మాత్రమే, మెట్టుని తాకి వెనక్కి పోతూ, తాకి పోతూ.

"ఏమైంది? వెనక ఏమైనా ఉందా?" డ్రైవరు అరిచాడు.

వెనక ఖాళీ రోడ్డు. క్లైవ్ చేతులు దించలేదు. భుజాలు నొప్పి పుడుతున్నాయి, అయినా దించలేదు. పై అంతస్తు వెనక అద్దానికి పిల్లలు ముక్కులు ఆనించి అతని వంకే చూస్తున్నారు, నలుగురో ఐదుగురో, తలల మీద నిన్నటి కాగితపు కిరీటాలు. ఒక పిల్ల, ఇదేదో ఆట అనుకుంది కాబోలు, తన రెండు చేతులూ పైకెత్తింది. పక్కవాళ్లూ ఎత్తారు.

"అయింది నాన్నా," అంది జేబులోంచి లోర్నా.